నిండుకున్న చోటు

కంప్యూటరు తెర మీద ఫైళ్ళు ఎక్కువగా తెరిస్తే ఏమవుతుందో ప్రోగ్రాములు రాసేవాళ్ళందరికీ తెలుసు. పైన వరసగా ఉండే ట్యాబులు సన్నబడిపోతాయి. పేర్లలో మొదటి రెండక్షరాలు మిగులుతాయి, తర్వాత ఒకటి, తర్వాత అదీ కనిపించదు. ఏ ఫైలు ఎక్కడుందో వెతుక్కుంటూ పోయి అసలు దేనికోసం వచ్చామో మరిచిపోతాం. పోనీ కొన్ని మూసేద్దామా అంటే చెయ్యి రాదు. రేపు కావలసి వస్తుందేమోనని భయం.

నూకరత్నానికి ఇప్పుడు ఆ భయం లేదు. ఋషికొండ మీద ఆమె పనిచేసే ప్రయోగశాలలో నాలుగేళ్ళు కష్టపడి ‘లోతెర’ తయారుచేశారు. చూడటానికి రూపాయి బిళ్ళంత పట్టీ. చెవి వెనక అంటించుకుంటే ఫైళ్ళు తెర మీద కాక తలలోనే తెరుచుకుంటాయి. వెనక్కి వెళ్ళి చదవక్కర్లేదు. ప్రతి వరసా అప్పుడే చదివినట్టు గుర్తుంటుంది. జిల్లా అంతటికీ కరెంటు పంపిణీ చేసే పాత ప్రోగ్రాంని బాగుచేసే పని ప్రయోగశాలకి వచ్చింది. ఎవరెప్పుడు రాశారో తెలియని ఫైళ్ళు వందల్లో ఉన్నాయి. వాటిలో తొంభై పైచిలుకు రత్నం తలలో తెరిచి ఉన్నాయి.

“రత్నం గారూ, లెక్క తప్పుతున్న చోటు దొరికిందా?” అని పక్క బల్ల నుంచి యజ్ఞేశ్వర్ అడిగాడు. లోతెర యంత్రం పని చూసేది అతనే.

కళ్ళు మూసుకునే చెప్పింది. “తప్పు మీరు వెతుకుతున్న ఫైల్లో లేదండీ. దాన్ని పిలిచేది ఒకటుంది, దాన్ని పిలిచేది ఇంకొకటుంది. ఆ మూడోదాంట్లో సున్నా పెట్టాల్సిన చోట ఒకటి పెట్టారు.”

“మీ బుర్రకి దణ్ణం పెట్టాలి. నాకు పొద్దున్న ఏం టిఫిన్ తిన్నానో కూడా గుర్తులేదు.”

“ఉప్మా తిన్నారు. చొక్కా మీద ఉంది.”

యజ్ఞేశ్వర్ చొక్కా దులుపుకున్నాడు.

తల ఎంత పెద్దదైనా అన్ని ఫైళ్ళనీ మోయలేదు. అందుకని లోతెరకి ఒక సర్దుడు నేర్పారు. చోటు చాలకపోతే, చాలాకాలంగా తాకని ఫైళ్ళని తనే మూసేస్తుంది. మూయకూడదనుకున్న ఫైలుని, గోడకి కాయితం పిన్నుతో గుచ్చినట్టు, ముందే గుచ్చిపెట్టుకోవాలి. చెవిన పడిన మాటైనా, మనసులో అనుకున్న మాటైనా లోతెరకి అందుతుంది కాబట్టి “నిండిపోయింది” అనుకుంటే చాలు, సర్దుడు మొదలవుతుంది. ఆ భాగం రాసింది రత్నమే. నిండింది, నిండిపోతోంది, నిండేట్టుంది అని మాటకి ఎన్ని రూపాలు రాస్తూ కూర్చుంటాం? ‘నిండు’తో మొదలయ్యే మాట ఏది వినపడినా సర్దెయ్యమని ఒక్క వరసలో తేల్చేసింది. ఎంత పొందిగ్గా రాశారో అని యజ్ఞేశ్వర్ మెచ్చుకున్నాడు కూడా.

సాయంత్రం ఇంటికి వెళ్ళేటప్పుడు పట్టీ తీసి పెట్టెలో పెట్టాలన్నది ప్రయోగశాల నియమం. తీస్తే ఫైళ్ళన్నీ పోతాయి. మర్నాడు మళ్ళీ అన్నీ తెరుచుకునేసరికి సగం పూట గడిచిపోతుంది. అధికారులు వచ్చి పని చూసే రోజు దగ్గరపడుతోంది. మొదటివారం తీసింది. రెండోవారం నుంచి జడ కాస్త వదులుగా అల్లుకుని, పట్టీ కనపడకుండా ఇంటికి వెళ్ళిపోయేది.

*

పెదవాల్తేరులో వాళ్ళ ఇల్లు. అత్త అప్పలనరసమ్మ అంటే రత్నానికి సొంత మేనత్త. భర్త సింహాచలం చిన్నప్పటి నుంచి బావే. ఒక్కతే కూతురు తన్మయి, ఆరేళ్ళది.

“ఏటే, వచ్చీసినావా?” వంటింట్లోంచి అత్త కేకేసింది. “చింతపండు నిండుకుంది. కందిపప్పు నిండుకుంది. నూనె కూడా రేపో మాపో నిండుకునేలాగుంది. నీ ఫోన్లో కొట్టీ, తెచ్చిపడేస్తారు కదా.”

ఆవిడ నోటి నుంచి ఇంట్లో సరుకు గురించి ‘లేదు’ అన్న మాట ఎవరూ వినలేదు. లేదంటే లేకుండానే పోతుందని ఆవిడ నమ్మకం. డబ్బా అడుగంటితే నిండుకుంది అంటుంది. ఆవిడ తల్లీ అలాగే అనేది, రత్నం తల్లీ అలాగే అనేది. ఆ మాట వినడానికి ఎంత అలవాటుపడ్డారంటే, ఖాళీకి నిండు అని పేరు పెట్టుకున్నామన్న సంగతే ఎవరికీ తోచదు.

రత్నం ఫోన్లో చింతపండు, కందిపప్పు, నూనె నొక్కింది. ఆ వెంటనే తల తేలిగ్గా అనిపించింది. బరువైన సంచీ కింద పెట్టినట్టు హాయిగా ఉంది. ఇంటికి రాగానే ఇలా అవుతోందని కొన్నాళ్ళుగా గమనిస్తూనే ఉంది. అత్త గొంతు వింటేనే అలసట తీరిపోతోందని ఒకసారి నవ్వుతూ అంది కూడా. అప్పలనరసమ్మ పొంగిపోయి ఆ ముక్క వీధి వీధంతా చెప్పుకుంది.

చిన్న చిన్న తేడాలు రాకపోలేదు. పాత స్నేహితురాలు ఫోన్ చేస్తే గొంతు పోల్చుకోలేకపోయింది. బీరువా తాళం చెవి ఎక్కడ పెడతారో తెలియక నిలబడిపోయింది. పని ఒత్తిడి అనుకుంది.

సింహాచలానికి చేపల రేవులో ఐసు మిల్లు ఉంది. సాయంత్రం రాగానే పెరట్లో కుళాయి దగ్గరే స్నానం చేసి, వేసుకున్న బట్టలు అక్కడే బకెట్లో తడిపి, వేరే బట్టలు కట్టుకుని గానీ కూతురి దగ్గరికి వెళ్ళడు. ఆరోజు రత్నం గుమ్మంలో నిలబడి వింతగా చూసింది.

“బావా, బాత్రూం ఉండగా పెరట్లో ఈ స్నానం ఏంటి, పుణ్యక్షేత్రానికి వచ్చినట్టు?”

సింహాచలం నెత్తి మీద నీళ్ళు గుమ్మరించుకుంటూ నవ్వాడు. “ఎటకారమా? నాలుగేళ్ళయ్యాక నీకిప్పుడు నవ్వొచ్చిందా?”

ఆమె నిజంగానే అడిగింది. అతను వేళాకోళం అనుకున్నాడు. తన్మయి తువ్వాలు పట్టుకుని పరిగెత్తుకొచ్చేసరికి ఆ మాట అక్కడితో ఆగిపోయింది.

*

ఆ ఆదివారం అప్పలనరసమ్మ భీమిలిలో ఎవరిదో నిశ్చితార్థానికి వెళ్ళింది. సింహాచలం మిల్లులో మోటారు చెడిపోయిందని పొద్దున్నే రేవుకి పోయాడు. రత్నం కూతుర్ని పక్కింట్లో ఆడుకోమని వదిలి చేపల బజారుకి వెళ్ళింది. చిన్నప్పుడు తల్లి వండే రొయ్యల ఇగురు వాసన ఎందుకో పొద్దుట్నుంచీ ముక్కుకి తగులుతోంది.

చేపలమ్మే కొండమ్మ తట్ట మీద గుడ్డ తీస్తూ ఆగిపోయింది. “రొయ్యలా? నీకా? ఎప్పుడూ కోనెం, చందువా అంటావు. రొయ్యల తట్ట కేసి చూడనైనా చూడవు కదమ్మా!”

“ఇవాళ చూస్తున్నాను కదా, తూచు.”

“సుట్టాలొచ్చినారేటి?”

“నేనే నాకు చుట్టాన్ని.”

కొండమ్మ నవ్వుతూ రొయ్యలు ఒలిచి ఇచ్చింది.

ఉల్లిపాయలు ఎర్రగా వేగి, అల్లం, మసాలా, కరివేపాకు పడి, నూనె పైకి తేలేసరికి ఇల్లంతా ఘుమఘుమలాడింది. తన్మయి వచ్చి పీట మీద కూర్చుంది. ఆ పిల్లకి ఒక నియమం నేర్పారు. ఎవరు ఏం పెట్టినా, బడిలోనైనా పేరంటంలోనైనా, అమ్మనడగకుండా నోట్లో పెట్టుకోకూడదు. ఎందుకని పిల్లకి తెలియదు. ఆ ఇంట్లో ఆ కారణం ఎవరూ పైకి అనరు. అంటే మళ్ళీ జరుగుతుందని నానమ్మ భయం.

“అమ్మా, ఇవి ఎర్రగా వంకరగా ఉన్నాయి. నేను తినొచ్చా?”

“తినొచ్చు తల్లీ. అమ్మ వండింది కూడా అడగాలా?”

ముద్ద కలిపి నోటికి అందించింది. పిల్ల కళ్ళు మూసుకుని నమిలింది. బాగుందంది. రెండో ముద్ద అడిగింది. మూడో ముద్దకి పెదవి గీరుకుంది. నాలుక దురదగా ఉందమ్మా అంది. రత్నం మంచినీళ్ళ గ్లాసు అందించేలోగా పెదవులు ఉబ్బిపోయాయి, కళ్ళు పూడుకుపోయాయి. గొంతులోంచి ఈల వేసినట్టు చప్పుడు రావడం మొదలైంది.

రత్నం ఎంగిలి చేత్తోనే పిల్లని భుజాన వేసుకుని రోడ్డు మీదికి పరిగెత్తింది. ఆటో కోసం అరుస్తూ, జన్మలో ఇలా ఎప్పుడూ పరిగెత్తలేదు అనుకుంది. నిజంగానే అలా అనుకుంది.

*

“ఇంతకుముందు ఎప్పుడైనా ఇలా అయిందా అమ్మా?” ఇంజక్షను పట్టుకుని డాక్టరమ్మ అడిగింది.

“లేదండీ.”

“పడని తిండేమైనా ఉందా?”

“ఏదీ లేదండీ. అన్నీ తింటుంది.”

వెనక నుంచి ఒక గొంతు వచ్చింది. “రొయ్యలు పడవండీ! పీతలు కూడా. రెండేళ్ళప్పుడు పోయినంత పనైంది.”

పక్కింటివాళ్ళు ఫోన్ చేస్తే సింహాచలం రేవు నుంచి ఉన్నపళంగా వచ్చాడు. గుమ్మం దాటి లోపలికి రాలేదు. ఒంటి మీద రొయ్యల తట్టలు తగిలిన మిల్లు బట్టలే ఉన్నాయి. రత్నం అతన్ని ఎవరో కొత్తమనిషిని చూసినట్టు చూసింది.

ఇంజక్షను పడింది. మూతికి ఆక్సిజను పెట్టారు. ఈల చప్పుడు తగ్గి, పిల్ల ఊపిరి మెల్లిగా దారిలో పడ్డాక భార్యాభర్తలిద్దరూ వసారాలో బల్ల మీద కూర్చున్నారు.

“ఏం తిన్నాదది?”

“రొయ్యలు.”

“ఎవరు పెట్టినారు?”

“నేనే పెట్టాను.”

ఎండిపోయిన ఆమె ఎంగిలి చేతి కేసి అతను చూశాడు. తర్వాత అడిగాడు. “తెలిసి ఎలా పెట్టేవే?”

“తెలిస్తే పెడతానా బావా?”

“నీకు తెలీకపోవడమేటి? ఆరోజు దాన్ని ఎత్తుకొని పరిగెత్తింది నువ్వు కాదా? ఇంట్లో రొయ్య మాట వినపడకూడదని మా అమ్మ చేత ఒట్టు పెట్టించింది నువ్వు కాదా? నాను రోజూ పెరట్లో స్నానం చేస్తన్నది ఎవరు చెప్తే?”

రత్నం వింది. శ్రద్ధగా వింది. పక్క వీధిలో ఎవరికో జరిగిన కథ విన్నట్టే ఉంది. ఎంత తడుముకున్నా చేతికి ఏమీ తగల్లేదు. మరిచిపోయిన సంగతి ఎవరైనా గుర్తుచేస్తే ఔను కదా అనిపిస్తుంది. ఆ ఔను రాలేదు.

చెమటకి జడ మెడకి అంటుకుపోయి పక్కకి జరిగింది. చెవి వెనక పట్టీ అతని కంటపడింది. ఆఫీసు వస్తువు ఇంటికి తేకూడదని ఆమే ఒకసారి చెప్పింది.

“రత్నం,” అన్నాడు మెల్లగా. అరిచినా బాగుండేది. “నీకు గుర్తొచ్చేదాకా పిల్లకి నువ్వు ముద్ద పెట్టకు.”

*

మర్నాడు ప్రయోగశాలలో, పట్టీ ఇంటికి తీసుకెళ్తున్న సంగతి రత్నం చెప్పేసరికి, యజ్ఞేశ్వర్ సర్దుడుని కాసేపు ఆపి, లోతెర అంతవరకూ చేసిన సర్దుళ్ళ చిట్టా బయటికి తీశాడు. ఏం మూసిందో అందులో ఉండదు, ఎప్పుడు మూసిందో మాత్రం ఉంటుంది.

“ఇదేంటండీ? ఆఫీసులో ఉన్నంతసేపూ ఒక్కటీ లేదు. అన్నీ సాయంత్రం మీరు ఇంటికి చేరాకే. రోజూ. ఆ టైములో ఇంట్లో ఏం చేస్తారు?”

“ఏముంది, కాళ్ళు కడుక్కుని వంటింట్లోకి వెళ్తాను. అత్త సరుకులు చెప్తుంది. ఫలానాది నిండుకుంది, ఫలానాది…”

అక్కడ ఆగిపోయింది. యజ్ఞేశ్వర్ మొహంలో నవ్వు మొదలైంది. “నిండుకుందా! మీ అత్తగారు బియ్యం అయిపోయాయంటే మన యంత్రం బుర్ర నిండిపోయిందనుకుంది! దాని తప్పేం లేదండీ, మనం నేర్పిన తెలుగే కదా…” నవ్వు సగంలోనే చచ్చిపోయింది. రత్నం రాత్రంతా ఆసుపత్రిలో ఉందని అప్పుడు గుర్తొచ్చింది అతనికి.

“కానీ అది ఫైళ్ళనే కదా మూయాలి?” అంది రత్నం.

“ఫైళ్ళు వేరే అరలో కూర్చుంటాయనుకున్నాం. తలలో వేరే అర ఏదీ ఉన్నట్టు లేదు. అంతా ఒకటే. మీ ఫైళ్ళని మీరు రోజూ తాకుతారు, పైగా గుచ్చి కూడా పెట్టారు. ఎక్కువకాలం తాకనిది ఏదని వెతుకుతూ అది కిందికి దిగింది.”

రొయ్యల సంగతిని నాలుగేళ్ళుగా ఎవరు తాకారు? అందరూ కలిసి దాన్ని తాకకుండా కాపాడుకుంటూ వచ్చారు. ఇంట్లో ఆ మాట అనలేదు, ఆ వాసన రానివ్వలేదు. ఎంత భద్రంగా దాచారో అంత సులువుగా దాన్ని అక్కర్లేనిది అనుకుంది యంత్రం. కూతురి ప్రాణాన్ని గుచ్చిపెట్టుకోవాలని ఏ తల్లికి తోస్తుంది?

“ఇంకా ఏమేం పోయాయి నాకు?”

“అది మీరే చెప్పాలి,” అని, అన్నాక ఆ మాటలో అర్థం లేదని తెలిసి యజ్ఞేశ్వర్ తల వంచుకున్నాడు. “ఒక్క వరస మార్చేస్తే చాలు రత్నం గారూ. ఆ మాట ఒక్కటీ తీసేద్దాం. మిగతాదంతా బాగానే ఉంది. అధికారులు వచ్చేది ఎల్లుండే.”

“మాట తీసేస్తే ఇంకో మాటకి మూస్తుంది యజ్ఞేశ్వర్ గారూ. తాకనిది అక్కర్లేనిదని రాసింది నేను. తప్పు అక్కడుంది. నన్నడిగితే సర్దుడే ఉండకూడదు.”

“సర్దుడు లేకపోతే ఫైళ్ళు పట్టవు. ఇక లోతెర ఎందుకు?”

“అదే నేనూ అంటున్నాను.”

చెవి వెనక్కి చెయ్యి పోనిచ్చింది. యజ్ఞేశ్వర్ కుర్చీలోంచి లేచాడు. “ఆగండి! ఆ తొంభై ఫైళ్ళూ ఎలా అల్లుకున్నాయో మీకు తప్ప ఎవరికీ తెలియదు. కాయితం మీదైనా రాసివ్వండి. డైరెక్టరు గారికి నేనేం చెప్పను?”

“రాస్తూ కూర్చుంటే అవి ఇంకా గట్టిగా కూర్చుంటాయి. తీస్తే పోయినవి తిరిగొస్తాయా?”

“కింద ఎక్కడైనా మిగిలుంటే వస్తాయి. వాటి చోట్లో ఫైలు కూర్చుని ఉంటే… రావు.”

పట్టీ ఊడదీసింది. జిల్లా కరెంటంతా ఒక్కసారి ఆరిపోయినట్టు తల చీకటైంది. ఏ ఫైలు దేన్ని పిలుస్తుందో, ఎక్కడ సున్నా ఉండాలో ఏమీ తెలియలేదు. ఆ మధ్యాహ్నమే డైరెక్టరు గారు ఆమెని లోపలికి పిలిచారు. గొంతు పెంచకుండానే చాలా మాట్లాడారు. ఎన్నాళ్ళు సెలవు కావాలో అడగలేదు. రావద్దనే చెప్పారు.

*

కొన్ని తిరిగొచ్చాయి. కాలేజీకి వెళ్ళే బస్సు నంబరు వచ్చింది. స్నేహితురాలి గొంతు వచ్చింది. తాళం చెవి దేవుడి గూట్లో ఉంటుందని వచ్చింది. ప్రతిసారీ, ఇక పిల్లని ఎత్తుకుని పరిగెత్తిన రోజే వస్తుందేమోనని కాచుకునేది. అది మాత్రం రాలేదు.

అప్పలనరసమ్మ కోడలికంటే ఎక్కువగా కుమిలిపోయింది. “నా నోటితో నాను చేసినానా ఇదంతా?” అని గోడకి తల ఆనించుకుని కూర్చునేది. బియ్యం డబ్బా అడుగు కనిపిస్తే ఏమనాలో తెలియక ఖాళీ డబ్బా తెచ్చి కొడుకు ముందు పెట్టేది.

ఒక మధ్యాహ్నం రత్నమే ఆవిడ పక్కన చేరింది. “అత్తా, ఆరోజు ఏం జరిగిందో చెప్పు. ఒక్కటి కూడా వదలకు.”

“అమ్మో, ఆ మాట నానననే.”

“అనకే కదా పోయింది.”

ఆవిడ పైట నోట్లో కుక్కుకుని, తీసి, మొత్తం చెప్పింది. ఎవరో పెళ్ళి భోజనంలో పలావు పెట్టారు. అడుగున ఒక్క రొయ్య ఉంది. పసుపుపచ్చ చీర కట్టుకున్న రత్నం పందిట్లోంచి చెప్పులు లేకుండా పరిగెత్తింది. అరికాలిలో గాజుపెంకు గుచ్చుకుంది. ఆసుపత్రి గచ్చు మీద రక్తం చూసి నర్సు పిల్లకి దెబ్బ తగిలిందేమో అనుకుంది. రత్నం కాలు తిప్పి చూసుకుంది. మడమ పక్కన తెల్లటి గీత ఉంది. ఇన్నాళ్ళూ అది అక్కడ ఎందుకుందో ఆమెకి తెలియదు.

ఆ సాయంత్రం సింహాచలం పెరట్లో స్నానం చేసి వచ్చి కూతురికి కంచంలో అన్నం కలిపాడు. ఆసుపత్రి నుంచి వచ్చిన దగ్గర్నుంచి అతనే పెడుతున్నాడు. ముద్దలు పెద్దవి చేస్తాడు, పిల్ల బుగ్గలు పట్టవు. రత్నం ఎదురుగా గోడకి ఆనుకుని కూర్చుంది. ఒళ్ళో పెట్టుకున్న చేతులు ఏం చెయ్యాలో తెలియక కొంగు మడతలు పెడుతున్నాయి.

సింహాచలం తల ఎత్తకుండానే అడిగాడు. “ఏమైనా గుర్తొచ్చిందా?”

రోజూ అడుగుతాడు. కానీ ఇవాళ ఆమె దగ్గర జవాబుంది. పసుపుపచ్చ చీర ఉంది, పందిరి ఉంది, గాజుపెంకు ఉంది. అప్పజెప్పే పాఠంలా గడగడా చెప్పెయ్యగలదు. కాలు చాపి మచ్చ చూపించి, “ఇదిగో బావా, ఇది ఆరోజుదే కదా,” అంటే చాలు. అతను నమ్ముతాడు. నమ్మాలనే చూస్తున్నాడు. కంచం ఈ పక్కకి వస్తుంది.

గుమ్మంలో నిలబడ్డ అత్త కూడా కళ్ళతోనే అంటోంది, చెప్పీ అని.

“రాలేదు,” అంది రత్నం. “అత్త చెప్పింది. చీర రంగు కూడా చెప్పింది. అన్నీ తెలుసు. ఏదీ గుర్తులేదు. ఇక రాదు బావా.”

సింహాచలం చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. అన్నం చల్లారుతోంది. తన్మయి ఒకసారి తండ్రినీ ఒకసారి తల్లినీ చూసింది.

“నాన్న ముద్దలు పెద్దగా ఉంటున్నాయి,” అంది మెల్లగా.

అతను కంచాన్ని రత్నం ముందు పెట్టి, చెయ్యి కడుక్కోవడానికి లేచాడు. వెళ్ళలేదు, అక్కడే నిలబడ్డాడు.

రత్నం చిన్న ముద్ద చేసింది. పిల్ల నోటి దాకా తీసుకెళ్ళి ఆగింది. ముద్దని వెనక్కి తీసుకుంది.

“బావా, ఇందులో ఏమేం ఉన్నాయి?”

“పప్పన్నమే. నువ్వే కదా వండినావు.”

“వండాను. అయినా నువ్వు చెప్పు.”

అతను మొదట ఆమె మొహంలోకీ, తర్వాత ఆమె చేతిలోకీ చూశాడు. పక్కనే చతికిలబడ్డాడు.

“పప్పు,” అన్నాడు. “నెయ్యి. ఉప్పు.”

“ఇంకా?”

“ఇంకేం లేవు.”

“దీనికి పడనివి చెప్పు.”

“రొయ్యలు. పీతలు.”

నాలుగేళ్ళలో ఆ ఇంట్లో మొదటిసారి ఆ మాటలు అన్నం ముందు పైకి వినపడ్డాయి. అప్పలనరసమ్మ ఉలిక్కిపడింది గానీ ఆపలేదు.

“మళ్ళీ చెప్పు,” అంది రత్నం.

అతను మళ్ళీ చెప్పాడు. అప్పుడు గానీ ఆమె కూతురి నోట్లో ముద్ద పెట్టలేదు. రెండో ముద్దకీ అలాగే అడిగింది.